ముక్కు కనపడితే ఊరుకోవాలి

కొబ్బరాకుతో బూర చెయ్యడం మా కోనసీమలో నడక వచ్చిన ప్రతి పిల్లకీ తెలుసు. ఈనె తీసేసిన ఆకుని సన్నగా మొదలుపెట్టి, ఏటవాలుగా చుట్టుకుంటూ పోయి, చివర ఈనెపుల్ల గుచ్చి, సన్నటి కొసని పెదాల మధ్య అదిమి ఊదితే పీ మంటుంది. బొమ్మల పెళ్లికి అదే సన్నాయి. దానికి ఇంకో ఉపయోగం ఉందని పన్నెండేళ్లు వచ్చేదాకా నాకు తెలీదు. 1974 డిసెంబరులో ఒకనాడు, ఇంకా తెల్లారకముందు, పర్రలో మోకాలి లోతు బురదలో కూర్చున్న ఒక ముసలాయన అదే బూర ఊది, సముద్రంకేసి పోతున్న పక్షుల బారుని వెనక్కి తిప్పేశాడు. పక్కన కూర్చుని చూసినవాణ్ణి నేను.

మా అమ్మమ్మగారి ఊరు రాజోలు తాలూకాలో, మలికిపురం దాటి సముద్రం వైపు వెళ్లే దారిలో ఉంటుంది. పడమర అంతర్వేది దగ్గర వశిష్ఠ, తూర్పున కరవాక దగ్గర వైనతేయ సముద్రంలో కలుస్తాయి. ఆ రెంటికీ నడుమ, కొబ్బరితోటలు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఉన్న పల్లపు నేలే పర్ర. వానలకి నిండి, వేసవికి ఎండి తెల్లటి ఉప్పుపొర కడుతుంది. మురుగుకాలవలో పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు వెనక్కి ఎక్కేది. తుంగ, అక్కడక్కడ మడచెట్లు, మిగతాదంతా ఆకాశం. రొయ్యల చెరువులు అప్పటికి ఎవరూ తవ్వలేదు. కార్తీకమాసం వెళ్లేసరికి ఆ నీళ్లమీద పరజలు దిగేవి.

పరజ అంటే చలికాలం వలస వచ్చే అడవిబాతు. పుస్తకాలు సూదితోక బాతనీ చెంచామూతి బాతనీ విడివిడిగా పేర్లు పెట్టాయి గానీ, మా వాళ్లకి అవన్నీ పరజలే, కాకపోతే పెద్ద పరజ, చిన్న పరజ. హిమాలయాలకి అవతలి నుంచి, సైబీరియా నుంచి వస్తాయన్న సంగతి నేను కాలేజీలో చదువుకున్నాను. ఏడాది పొడుగునా మనతోనే ఉండి, ఎగిరేటప్పుడు ఈలవేసే ఎర్రటి చిన్నబాతు మాత్రం పరజ కాదు, దాని పేరు చిలువ. నెల్లూరులో పనిచేసిన జెర్డన్ దొర 1860ల్లో అచ్చువేసిన పక్షుల పుస్తకంలో దానికి 'ఎర్ర చిలువ' అని తెలుగు పేరు ఎక్కించాడు. ఆ పేరు చూసినప్పుడు మా ఊరి మాట దొరల పుస్తకం దాకా వెళ్లొచ్చిందని సంబరపడ్డాను.

వేటకి మా పెద్దమావయ్య తుపాకి ఒక సాకు. పన్నెండు బోరు, ఒంటిగొట్టం. తుపాకికి లైసెన్సు ఉంది, వేటకి ఉందో లేదో ఎవరూ అడగలేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోనే వచ్చింది. మా పర్ర దాకా అది నడిచి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. పైగా రైతులే మావయ్యని బతిమాలేవారు. రెండో పంట దాళ్వాకి మొలకకట్టిన విత్తనాలు నారుమడిలో చల్లిన రాత్రి పరజలు దిగాయంటే తెల్లారేసరికి మడి నున్నగా ఉండేది. కిరసనాయిలు డబ్బాలు వాయించుకుంటూ గట్లమీద రాత్రంతా కూర్చునేవాళ్లు. వాళ్ల దృష్టిలో పరజని కొట్టినవాడు పుణ్యాత్ముడు.

అసలు వేటగాడు మాత్రం ఆ ముసలాయనే. మురుగుకాలవలో వల వేసుకుంటూ, తాటిదోనెలో జనాన్ని ఇటు అటు దాటిస్తూ బతికేవాడు. పిల్లలందరికీ ఈలతాత. మావయ్య కన్నా ఇరవయ్యేళ్లు పెద్దవాడు. అయినా మావయ్య ఆయన్ని "ఏరా" అనే పిలిచేవాడు, ఆయన మావయ్యని "బాబుగారూ" అనేవాడు. నన్ను "అబ్బాయిగారూ" అనేవాడు. ఈ పిలుపుల తేడా అప్పుడు నాకు ఎబ్బెట్టుగా అనిపించలేదని ఒప్పుకోవాలి.

మొదటిరోజు దోనె ఎక్కేముందే నా తెల్ల బనీను విప్పించాడు. దోసెడు బురద తీసి నా మొహానికి, చెవుల వెనకాల, మెడకి పూశాడు. "ఏం జరిగినా మొకం పైకెత్తకూడదండి. పైనుంచి సూస్తే మనిసి మొకం సద్దన్నం ముద్దలా తెల్లగా మెరుత్తాదండి" అన్నాడు. కళ్లు మాత్రమే పైకి తిప్పి చూడాలి. మావయ్య అప్పుడే వెలిగించిన సిగరెట్టు కూడా ఆర్పించాడు. ఊళ్లో మావయ్య మాట చెల్లేది, దోనె ఎక్కాక తాత మాట.

తుంగలో మాటు ముందురోజే కట్టి ఉంది. కొబ్బరిమట్టలు నిలబెట్టి, మీద తుంగ కప్పి, ముందు చిన్న సందు. మాటుని పర్రకి ఉత్తరపు గట్టున కట్టాడు తాత. చలికాలం తెల్లవారుజామున గాలి ఉత్తరం నుంచి వీస్తుంది. పక్షి ఏదైనా గాలికి ఎదురుగానే దిగుతుంది. రాత్రంతా చేలల్లో మేసిన పరజలు మా వెనకనుంచి వచ్చి, నెత్తిమీదుగా సముద్రం వైపు పోయి, అక్కడ ఒక చుట్టు తిరిగి, గాలికి ఎదురై, నేరుగా మా మొహాలకేసి వస్తాయి. ఈ లెక్కంతా నాకు పదేళ్ల తర్వాత అర్థమైంది. ఆరోజు నాకు తెలిసింది వెన్నులోకి దిగుతున్న చలి ఒక్కటే.

తర్వాత దోనెలోంచి డొక్కబాతుల్ని దించాడు. ఎండిన కొబ్బరిడొక్క మామూలుగానే నీళ్లమీద బాతులా కూర్చుంటుంది. దానికి కొబ్బరిమట్ట మొదలు చెక్కి మెడా తలా అతికించాడు. దీపపు మసి, సున్నం, జేగురు, ఈ మూడే రంగులు. కడుపు కింద తాడుకి ఇటుకముక్క లంగరు. కొన్నిటికి తలని మట్టతో కాకుండా నీటిజీలుగ బెండుతో చేశాడు, పెళ్లిబాసికాలు చేసే బెండే అది. మొత్తం పదిహేనో పదహారో ఉండేవి. వీటిని ఆయన 'దీమం' అనేవాడు. అది ఆయన సొంతమాటేమో అనుకున్నాను. తర్వాత కాలేజీలో బ్రౌణ్య నిఘంటువు తిరగేస్తుంటే 'దీమము' కనపడింది: మృగాల్ని, పక్షుల్ని పట్టడానికి ఎరగా పెట్టే మచ్చికచేసిన మృగమో పక్షో. ప్రబంధాల్లో వేట వర్ణనల్లో దీమపు లేళ్లు ఉంటాయి. అక్షరం రాని తాత నోట్లో కావ్యభాష బురదంటుకుని బతికి ఉంది.

డొక్కబాతుల్ని ఆయన పేర్చిన తీరు నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. ఒక్కచోట కుప్పపొయ్యలేదు, వరసగానూ పెట్టలేదు. ఎడమవైపు ఒక గుంపు, కుడివైపు ఒక గుంపు, మధ్యలో పడవ పట్టేంత ఖాళీ నీళ్లు. "సుట్టాలింటికి ఎల్తే మనం ఎక్కడ కూకుంటావండి? కాళీ ఉన్నకాడ. ఆటికీ అంతేనండి" అన్నాడు. ఆ ఖాళీ మాటు నుంచి ముప్ఫై గజాల లోపు ఉండాలి. నలభై దాటితే గుళ్లు చెదిరిపోయి పిట్టకి గాయమవుతుందే తప్ప పడదు. బాతుల్లో సగానికి తల నీళ్లలో ముంచి పెట్టాడు. అన్నీ తలెత్తి ఉంటే అది భయపడ్డ గుంపు, పైనున్నవి దిగవు. మేస్తున్న గుంపు తల ఎత్తదు. రెండు డొక్కలకి సన్నటి నైలాను దారం కట్టి కొస నా చేతికిచ్చాడు. గాలి పడిపోయినప్పుడు మెల్లగా లాగితే నీళ్లమీద వలయాలు లేస్తాయి. "నిలవనీళ్లలో కదలని బాతంటే సచ్చిన బాతేనండి."

తూర్పు కాస్త తెల్లబడింది. వెనకనుంచి రెక్కల చప్పుడు వినపడింది, పట్టుచీర కుచ్చెళ్లు రాసుకున్నట్టు. మా మీదుగా పోయాయి. పోయి, సముద్రం వైపు చిన్నగా అయిపోతున్నాయి. అప్పుడు తాత ఆ కొబ్బరాకు బూర తీశాడు. నేను బొమ్మలపెళ్లిలో ఊదే బూర కన్నా పొట్టిది, నోరు వెడల్పు. గొంతులో ఏదో తిప్పుతూ ఊదాడు: ఒక పెద్ద క్వా, దాని వెనక నాలుగైదు చిన్నవి, మెట్లు దిగుతున్నట్టు. అది ఆడపరజ గొంతు. దూరంగా ఉన్న బారు ఒక వైపు వంగింది. తిరిగింది. నాకు ఒళ్లు ఝల్లుమంది. ఇంకోసారి ఊదుతాడనుకున్నాను. ఊదలేదు. బూర ఒళ్లో పెట్టుకుని తలవంచుకు కూర్చున్నాడు. పక్షులు వస్తున్నాయి, ఇంకా దగ్గరికి, రెక్కలు కిందికి వంచి, కాళ్లు ముందుకి చాచి. మావయ్య తుపాకి పేలింది.

తిరిగి వచ్చేటప్పుడు అడిగాను, మళ్లీ ఎందుకు ఊదలేదని.

"తోక కనపడితే పిలవాలండి. ముక్కు కనపడితే ఊరుకోవాలండి. వచ్చేవాణ్ణి మళ్లీ మళ్లీ రమ్మంటే ఏదో ఉందని అనుమానం రాదండీ? ఆయ్."

ఆ 'ఆయ్' కోనసీమ బయటివాళ్లకి నవ్వులాట. తాత పరజలకి కూడా మర్యాద తప్పేవాడు కాదు. బూర తియ్యబోతూ, "రండి బాబూ, రండి" అని గొణుక్కునేవాడు. ఆయన భార్యని మేమంతా మామ్మ అనేవాళ్లం. ఆవిడకి ఈ వేట గిట్టేది కాదు. "పిలిచి పీటేసి పీకకోత్తాడు ఈయన" అని వీధి అరుగుమీద కూర్చుని దెప్పేది. మావయ్య ఒకసారి, "పిలవకుండా చంపితే పుణ్యమా మామ్మా?" అన్నాడు. "మీరు పిలవరు కదండీ బాబుగారూ, పేలుస్తారంతే. పిలిచేది ఈయన. పాపం ఈయనకే" అంది మామ్మ. ఆ లెక్కకి మావయ్య దగ్గర జవాబు లేదు.

తాత విద్య బూర ఒక్కటే కాదు. చిన్న పరజల్లో ఒక రకం ఉంది, మగదానికి కంటిమీద తెల్లటి కనుబొమ లాంటి చార. దాని గొంతు ఎండుపుల్ల విరుగుతున్నట్టు టకటకమంటుంది. దానికి తాత చెక్కదువ్వెన పళ్లమీద గోరు లాగేవాడు. మామ్మ దువ్వెన అది. తల దువ్వుకోబోతే దువ్వెన పర్రలో ఉండేది. చిలువకి పనిముట్టు అక్కర్లేదు, రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల, రెండు ముక్కలుగా, రెండోది పైకి లేచేలా. ఈలతాత అన్న పేరు అలా వచ్చిందే.

ప్రాణమున్న దీమం కూడా ఉండేది ఆయనకి. మొదటి పంట సార్వా కోతలయ్యాక బాతుల మందలు తోలుకుని వచ్చేవాళ్లు కదా, రాలిన గింజలు మేపడానికి. వాళ్ల దగ్గర ఒక జత నాటుబాతుల్ని కొన్నాడు. వేటరోజున పెట్టని డొక్కబాతుల మధ్య కాలికి తాడేసి మేకుకి కట్టేవాడు. పుంజుని తట్ట కింద మూసి గట్టుమీద, పెట్టకి కనపడకుండా వినపడేంత దూరంలో పెట్టేవాడు. అంతే. పెట్ట మొగుణ్ణి పిలుస్తూనే ఉండేది. అరుపు నిజంది, ఆకలి కూడా నిజంది, ఎందుకంటే రాత్రి మేత పెట్టేవాడు కాదు. అమెరికాలో ప్రాణమున్న బాతుల్ని ఇలా ఎరగా కట్టడం 1935లోనే నిషేధించారని నాకు చాలా తర్వాత తెలిసింది. కారణం ఊహించడానికి నాకు పుస్తకం అక్కర్లేకపోయింది. ఆ పెట్ట ముందు డొక్కబాతులన్నీ దండగ.

తాత తండ్రి కాలంలో తుపాకి కూడా లేదట. పాత కుండల్ని నీళ్లమీద వదిలేసేవారట వారం పదిరోజులు. పిట్టలు కుండలకి అలవాటుపడి వాటి పక్కనే మేసేవి. అప్పుడు కళ్లకి రెండు చిల్లులు పెట్టిన కుండ నెత్తిన బోర్లించుకుని మనిషి గొంతులోతు నీళ్లలో మెల్లగా నడిచి వెళ్లి, నీళ్లలోంచి కాళ్లు పట్టుకుని లోపలికి లాగేసేవాడట. పక్కనున్న పిట్టకి తెలీకుండా. ఇలాంటి కుండవేట మనదేశంలో ఉండేదని తెల్లదొరల వేట పుస్తకాల్లోనూ చదివాను. తాత చెప్పినప్పుడు మాత్రం కోతలనుకున్నాం.

నా వల్ల జరిగిన ఘనకార్యం ఒకటి చెప్పాలి. మరుసటేడు దసరా సెలవుల్లో తాతకి మేలు చేద్దామని డొక్కబాతులన్నిటికీ, గేటుకి వేయగా మిగిలిన ఎనామిల్ పెయింటు పూశాను. ముద్దొచ్చేలా మెరుస్తున్నాయి. డిసెంబరులో వాటితోనే వెళ్లాం. మొదటి బారు తిరిగింది, వచ్చింది, వంద గజాల్లో ఒక్కసారిగా గుప్పెడు గింజలు విసిరినట్టు చెదిరిపోయింది. రెండో బారూ అంతే. కంగారుపడి నేనే బూర లాక్కుని ఊదాను, ఆగకుండా. మూడో బారు మా వైపు చూడను కూడా లేదు. తాత ఏమీ అనలేదు. దోనె దిగి ఒక్కొక్క డొక్కనీ తీసి, పిల్లకి నలుగు పెట్టినట్టు ఓపిగ్గా బురద పూసి మళ్లీ పెట్టాడు. పొద్దెక్కిపోయింది. ఖాళీ చేతులతో ఇంటికి వస్తే, "వచ్చాడండీ పిట్టలదొర" అంది అత్తయ్య మావయ్యని చూసి. తిట్టు మావయ్యకి పడినా తప్పు నాదని ఆయన చెప్పలేదు. ఆయనలో నాకు నచ్చిన గుణాల్లో అదొకటి.

అలాంటిదే ఇంకోటి, ఈసారి తప్పు నాది కాదు. 1976 సంక్రాంతికి కొత్తల్లుడు వచ్చాడు, పట్నంవాడు. వేట చూడాలన్నాడు. మాటులో కూర్చోబెట్టి మావయ్య తుపాకి ఆయన చేతికే ఇచ్చాడు. మసక వెలుతురులో, ఎవరూ ఏమీ అనకముందే, ధడేల్‌మని పేల్చాడు. "పడింది! పడింది!" అని లేచి గంతులేశాడు. తాత సందులోంచి చూసి, ఎంతో వినయంగా, "పడలేదండి అల్లుడుగారూ. ఇంకా కూకునే ఉందండి. ఆయ్" అన్నాడు. డొక్కబాతు మెడ వంకరపోయి, ఒళ్లంతా గుళ్లు దిగి, కదలకుండా తేలుతోంది. ఆ కథ మా ఇంట్లో కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల కబుర్లతో సమానంగా ఇరవయ్యేళ్లు నడిచింది. తాతకి మాత్రం అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఉండదు. ఆ డొక్కబాతుని నాకిచ్చాడు.

నవ్వులాటలు ఇక్కడితో సరి. అదే ఏడాది కార్తీకంలో జరిగింది చెప్తాను.

పరజలు ఇంకా దిగలేదు. ఊరి వెనక తామరచెరువులో చిలువలు ఉన్నాయని మావయ్య సాయంత్రం బయల్దేరాడు. చెరువుగట్టున మొగలిపొద వెనక నక్కాం. తాత రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాడు. చిలువలకి పరజలకున్నంత జాగ్రత్త లేదు. ఈల వినపడగానే ముప్ఫై నలభై పిట్టల గుంపు తిరిగి, తామీ ఈలవేస్తూ నెత్తిమీదకి వచ్చేసింది. మావయ్య కొట్టాడు. ఒకటి చెరువులో పడింది. మిగతావి వెళ్లిపోతాయనుకున్నాను. వెళ్లలేదు. చెరువుమీదే చుట్లు తిరుగుతున్నాయి. తాత ఈల వేశాడు, ఇంకా కిందికి వచ్చాయి. మావయ్య మళ్లీ కొట్టాడు. మళ్లీ తిరిగాయి. అయిదు తూటాలూ అలా అయిపోయాయి.

తుపాకి ఖాళీ అయింది. తాత ఈల ఆపేశాడు. అయినా ఈల వినపడుతూనే ఉంది. మొదట పడిన చిలువ చావలేదు. రెక్క విరిగి, తామరాకుల మధ్య అదే ఈల వేస్తోంది, రెండు ముక్కలుగా, రెండోది పైకి లేచేలా. పైన గుంపు దానికి బదులు పలుకుతూ కిందికీ పైకీ తిరుగుతోంది. మావయ్య ఇంటికి మనిషిని పంపి తూటాలు తెప్పిద్దామన్నాడు, పిట్టలు ఎలాగూ పోవడం లేదు కదా అని.

"ఇంక నా ఈల అక్కర్లేదండి బాబుగారూ. అదే పిలుత్తాంది" అన్నాడు తాత.

అని, తలగుడ్డ విప్పుకుంటూ చెరువులోకి దిగాడు. రొమ్ములోతు నీళ్లలో నడిచి వెళ్లి ఆ పిట్టని పట్టుకుని, తలగుడ్డలో చుట్టి, గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు. ఈల ఆగింది. గుంపు ఇంకా రెండు చుట్లు తిరిగింది. తర్వాత పడమటికి తిరిగి కొబ్బరితోటల మీదుగా వెళ్లిపోయింది. అది పూర్తిగా కనపడకుండా పోయేదాకా తాత నీళ్లలోంచి రాలేదు. గట్టెక్కేసరికి తలగుడ్డలో పిట్ట చచ్చిపోయి ఉంది. దానంతట అది పోయిందో, తాత మెడ నులిమాడో నేను అడగలేదు.

ఆ తర్వాత ఆయన వేట మానేశాడని రాస్తే కథకి అందంగా ఉంటుంది. మానలేదు. "పరజకైతే వత్తానండి. చిలువకి రానండి" అన్నాడు. అంతే. పరజలకి అలాగే వచ్చాడు, మరో ఆరేడేళ్లు. పరజ దిగినప్పుడు దానికి ఎదురుగా తుపాకి ఉంటుంది, పోతే పోతుంది, మిగతావి ఎగిరిపోతాయి. చిలువ వెనక్కి వస్తుంది. ఈ తేడా ఆయనకి న్యాయంగా తోచింది. మావయ్య వెక్కిరించాడు గానీ చిలువల జోలికి తనూ వెళ్లలేదు. పిలిచేవాడు లేనప్పుడు వెళ్లి ఏం లాభమని పైకి అనేవాడు.

మావయ్య దగ్గర ఒక పాత ముచ్చట ఉండేది. 1938 నవంబరు 12న భరత్‌పూర్‌లో వైస్రాయి లిన్‌లిత్‌గో వేటలో ఒక్కరోజున 4,273 పిట్టలు పడ్డాయన్న సంగతి. కళ్లు పెద్దవి చేసి చెప్పేవాడు. తాత విని, "అన్నిటిని ఎలా పిలిచేరండీ?" అని అడిగాడు. పిలవలేదు, జనంతో రేపించి లేపారు అన్నాడు మావయ్య. తాతకి ఆసక్తి పోయింది. వల బాగుచేసుకోవడంలో పడ్డాడు.

తాత 1980ల్లో పోయాడు. ఆ దశకం చివర నుంచే పర్రలో రొయ్యల చెరువులు మొదలయ్యాయి. 1991లో వన్యప్రాణి చట్టానికి సవరణ వచ్చి లైసెన్సు వేట కూడా దేశమంతటా ఆగిపోయింది. మావయ్య తుపాకిని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేశాడు. 1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని అరవై అయిదు రోజులు మండినప్పుడు మా ఊరి నుంచి ఈశాన్యంగా రాత్రిపూట ఆకాశం ఎర్రగా కనపడేది. అరుగుమీద కూర్చుని ఆ ఎరుపుకి అడ్డంగా నల్లటి బారు ఎగిరిపోవడం ఒకసారి చూశాం. "ఆ రోజుల్లో ఇంత వెలుతురుంటేనా" అన్నాడు మావయ్య. కాసేపాగి, "ఉంటే ఒక్కటీ దిగేది కాదులే, మాటుకి చీకటి కావాలి" అని తనే దిద్దుకున్నాడు.

రొయ్యల చెరువుల దగ్గర విద్య అంతా తిరగబడింది. మెరిసే రిబ్బన్లు, దారాలు, టపాకాయలు, అన్నీ పిట్ట దిగకుండా ఉండటానికే. నేను పూసిన ఎనామిల్ పెయింటుకి అక్కడ మంచి గిరాకీ ఉండేది.

మా అమ్మాయి అమెరికాలో మెంఫిస్‌లో ఉంటుంది. ఒక నవంబరులో అల్లుడు కారులో ఆర్కాన్సా రాష్ట్రంలోని స్టట్‌గార్ట్ అనే ఊరికి తీసుకెళ్లాడు. దారి పొడుగునా వరిచేలు, కోతలైపోయి నీళ్లు పెట్టినవి. మలికిపురం దాటినట్టే ఉంది, కొబ్బరిచెట్లు లేవంతే. ఆ ఊళ్లో బాతుల్ని పిలిచే పోటీలు 1936 నుంచి జరుగుతున్నాయి. ఒక్కొక్కరికి తొంభై సెకన్లు. చెక్కబూరతో దూరంగా పోయేదాన్ని పిలిచే పిలుపు, మేత పిలుపు, వెనక్కి రమ్మనే పిలుపు, అన్నీ వరసగా వాయించాలి. ఎవరు వాయిస్తున్నారో తెలీకుండా న్యాయనిర్ణేతలు తెరచాటున కూర్చుంటారు. నిజంగా గొప్పగా వాయించారు. తాత ఆ పోటీలో మొదటి రౌండులోనే పోయేవాడు. అక్కడ బాతు లేదు, ఊరుకోవడానికి మార్కులు లేవు. అక్కడే ఒక బొమ్మల పుస్తకంలో నెవాడాలోని లవ్‌లాక్ గుహలో 1924లో దొరికిన ఎరబాతుల ఫొటో చూశాను. రెల్లుతో కట్టి రంగు పూసినవి, సుమారు రెండువేల ఏళ్ల కిందటివి. నీళ్లపక్క దొరికే తేలికైన గడ్డితో బాతు చెయ్యాలని వాళ్లకీ తోచింది.

ఇంటికొచ్చాక చూసినది రాయకపోతే ఈ జ్ఞాపకం సగమే అవుతుంది. పదేళ్ల కిందట, సంక్రాంతికి ముందు, దాళ్వా ఊడ్పులకి నీళ్లు పెట్టిన ఒక చేను గట్టున నడుస్తూ చచ్చిన పరజల్ని చూశాను. ఒంటిమీద దెబ్బ లేదు. ఒకదాన్ని తిప్పి చూస్తే నోట్లో వడ్లగింజలు అలాగే ఉన్నాయి. పురుగుమందు గుళికలు కలిపిన వడ్లు చల్లారన్నమాట. కాస్త అవతల వాటిని తిన్న కుక్క ఒకటి పడి ఉంది. గట్టు దిగి ఒక కుర్రాడు గోనెసంచి పట్టుకుని వచ్చాడు, నన్ను చూసి వెనక్కి తిరిగిపోయాడు. ఇంకో పద్ధతి కూడా ఉంది: ఫోనులో పక్షుల కూతలు ఎక్కించి, రాత్రంతా మోగించి, వల కట్టి వదిలేసి ఇంటికెళ్లి పడుకోవడం. అది ముక్కు కనపడినా ఊరుకోదు, తోక కనపడినా ఊరుకోదు.

తాత వేట మంచిదని నేను అనడం లేదు. మామ్మ లెక్కలో ఆయన పాపం ఆయనదే, ఆ దారం లాగిన నాకూ అందులో వాటా ఉంది.

ఆనాటి పట్నం అల్లుడుగారు కాల్చిన డొక్కబాతు ఇప్పుడు నా పుస్తకాల బీరువా మీద ఉంది. మసి పోయింది, జేగురు కాస్త మిగిలింది, మెడ ఇంకా వంకరే. గుళ్లు లోపలే ఉన్నాయి. ఏటా జనవరిలో నీటిపక్షుల లెక్క జరుగుతుంది కదా, ఆ పనిమీద వచ్చిన కుర్రాళ్లు కొందరు ఒకసారి మా ఇంటికి వచ్చి దీన్ని చూసి, ఫొటో తీసుకుని, చిలువని ఎలా పిలుస్తారో చూపించమన్నారు. పళ్లు ఊడిపోయాయి, ఈల రాదని చెప్పాను. సగం నిజం.

ఈ ముచ్చట చదివేవాళ్లకి ఒక మాట. సంక్రాంతి వారంలో రాజోలు, అమలాపురం రోడ్ల మలుపుల్లో, సైకిలు హ్యాండిలుకి కాళ్లు కట్టి వేలాడేసిన పరజల్ని చూపించి బేరమాడేవాళ్లు కనపడితే కొనకండి. వేటాడినా, అమ్మినా, కొన్నా నేరమే. మూడేళ్ల దాకా జైలు, 2022 సవరణ తర్వాత లక్ష రూపాయల దాకా జరిమానా. పిట్ట ఒంటిమీద దెబ్బ లేకపోతే అసలు ముట్టుకోకండి. అది వలలో పడిందో, గుళికల వడ్లు తిని పడిందో అమ్మేవాడు మీకు చెప్పడు.